టాలీ, ఎక్సెల్ దగ్గర చెయ్యి టచ్‌ప్యాడ్ మీదికి పోకుండా ఉండాలంటే

బుజ్జీ,

సీఏ చదువులో భాగంగా ఆడిటర్ దగ్గర చేసే ట్రైనింగ్, అదే ఆర్టికల్‌షిప్‌లో చేరావని అక్క చెప్పింది, చాలా సంతోషం. నువ్వేమో "పిన్నీ, షార్ట్‌కట్లన్నీ ఉన్న పీడీఎఫ్ ఏదైనా ఉంటే పంపించవా" అని మెసేజ్ పెట్టావు, పంపించనమ్మా. అలాంటి పీడీఎఫ్‌లు దాచుకునేవాళ్ళే గానీ తెరిచి చూసేవాళ్ళని మా ఆఫీసులో నేనైతే చూళ్ళేదు. దానికంటే ఒక పని చెయ్, రేపు ఆఫీసులో నీ కుడిచెయ్యి కీబోర్డు వదిలి టచ్‌ప్యాడ్ మీదికి ఎప్పుడెప్పుడు పోతుందో కాస్త గమనించు. రోజూ ఒకే నాలుగైదు పనులకి పోతుంటుంది, ముందు వాటికి షార్ట్‌కట్ నేర్చుకో, మిగతావి అవసరం వచ్చినప్పుడు అవే వస్తాయి.

ముందు వేళ్ళు సరిగ్గా పెట్టుకో. ఎఫ్ మీద, జె మీద చిన్న గీత పైకి తేలి ఉంటుంది చూడు, చూపుడువేళ్ళు రెండూ అక్కడుంటే మిగతా కీలు చూడకుండానే తగులుతాయి. మా కాలంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి లోయర్ పాసయ్యేదాకా కీబోర్డు వైపు చూడనిచ్చేవాళ్ళు కాదు, మీకు ఆ బాధ లేదు గానీ అందుకే మీరంతా రెండు వేళ్ళతో టైపు చేస్తున్నారు 😀

సరే, టాలీ, అదే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. అసలు టాలీ పుట్టిందే కీబోర్డు కోసం, దాంట్లో మౌస్ పట్టుకుని తిరిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎఫ్4 కాంట్రా (క్యాష్, బ్యాంకు మధ్య మార్పిడి), ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్, ఈ ఆరూ రెండు రోజుల్లో చేతికొచ్చేస్తాయి. తేదీ మార్చాలంటే ఎఫ్2. ఎంట్రీ మధ్యలో పార్టీ లెడ్జర్, అంటే ఆ పార్టీ ఖాతా, లేదని తెలిస్తే వెనక్కి వెళ్ళి ఖాతాలుండే మాస్టర్స్‌లో క్రియేట్ చేసుకుని మళ్ళీ రావక్కర్లేదు, ఆ పార్టీ పేరు దగ్గరే ఆల్ట్ సి కొడితే అక్కడికక్కడే క్రియేట్ అవుతుంది. ప్రతి నెలా ఒకేలా వచ్చే అద్దె, జీతాల ఎంట్రీలకి డేబుక్‌లో, అంటే రోజువారీ ఎంట్రీల జాబితాలో, పోయిన నెలది పట్టుకుని ఆల్ట్ 2 కొట్టు, డూప్లికేట్ వస్తుంది, తేదీ, మొత్తం మార్చుకుంటే చాలు. మీ దగ్గర టాలీ ప్రైమ్ ఉంటే ఆల్ట్ జి అని ఒకటుంది, ఏ రిపోర్టు కావాలో పేరు కొడితే నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది, ఇదొక్కటి అలవాటైతే మొదటి స్క్రీను గేట్‌వే నుంచి ఒక్కో మెనూ దిగడం తప్పుతుంది.

కంట్రోల్ ఏ తో మాత్రం జాగ్రత్త. స్క్రీను మీద ఏముంటే అది యాక్సెప్ట్ చేసేస్తుంది కదా, బాగుంది కదా అని దడదడా కొట్టేస్తుంటారు, తేదీ పోయిన నెలలోనే ఉండిపోయిందని జీఎస్టీ రిటర్న్ వేసేటప్పుడు తెలుస్తుంది. అలాగే ఆల్ట్ డి తో వోచర్ (ఒక ఎంట్రీ) డిలీట్ చేస్తే కంట్రోల్ జడ్ కొట్టి తెచ్చుకోడానికి అది వర్డ్ కాదు, పోతే పోయినట్టే. పైగా కంపెనీల లెక్కలకి 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ తప్పనిసరి అయింది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా అందులో పడుతుంది, గబగబా కొట్టేసి తర్వాత సరిచేసుకుందాంలే అంటే ఆ సరిచేయడం కూడా కనపడుతుంది. అందుకే కంట్రోల్ ఏ కొట్టేముందు కన్ను ఒక్కసారి తేదీ మీదికి, ఒక్కసారి మొత్తం మీదికి వెళ్ళాలి, అది వేగం తగ్గడం కాదు.

ఇక ఎక్సెల్, నీ జీవితం ఇక్కడే గడుస్తుంది, టూబీ, అంటే సప్లయర్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జీఎస్టీఆర్-2బీ, డౌన్‌లోడ్ చేసి పర్చేజ్ రిజిస్టర్‌తో కలపడం. షీటు వేల వరసలు ఉంటే కిందికి లాగుతూ కూర్చోకు, కంట్రోల్ తో కింది బాణం కొడితే డేటా చివరికి పోతుంది, దానికి షిఫ్ట్ కూడా కలిపితే అక్కడిదాకా సెలెక్ట్ అవుతుంది. మధ్యలో ఖాళీ సెల్ ఉంటే అక్కడే ఆగిపోతుంది, కింద అసలేమీ లేకపోతే ఏకంగా 10,48,576వ వరసకి వెళ్ళి కూర్చుంటుంది, కంగారు పడకు, కంట్రోల్ హోమ్ కొట్టి పైకొచ్చెయ్. ఒక జాబితాలోది ఇంకో దాంట్లో వెతికే వీలుకప్ (VLOOKUP) ఫార్ములా రాసేటప్పుడు రేంజ్, అంటే వెతకాల్సిన సెల్స్, మీద ఎఫ్4 ఒక్కసారి కొట్టు, డాలర్ గుర్తులు అవే పడతాయి, అవి లేకుండా కిందికి లాగితే రేంజ్ కూడా కిందికి జారిపోతుంది, ఉన్న బిల్లుని కూడా లేదని చూపిస్తుంది, అప్పుడు సప్లయర్‌కి ఫోన్ చేసి గొడవ పెట్టుకోవడం ఒకటి.

ఫిల్టర్‌కి కంట్రోల్ షిఫ్ట్ ఎల్. టోటల్‌కి ఆల్ట్ పట్టుకుని ఈజ్ ఈక్వల్ టు. ఇందులో చాలామందికి తెలియని సంగతి, ఫిల్టర్ పెట్టి ఉన్నప్పుడు అలా కొడితే సమ్ కాకుండా సబ్‌టోటల్ ఫార్ములా పడుతుంది, అంటే కనిపించే వరసలే కూడుతుంది, ఫిల్టర్ తీసేస్తే అంకె మారిపోతుంది, మీ సార్‌కి చూపించేముందు అది చూసుకో. ఎవరో హైడ్ చేసి పంపిన వరసలున్న షీట్లో కనిపించేవే కాపీ చేయాలంటే ముందు ఆల్ట్ సెమీకోలన్ కొట్టి అప్పుడు కంట్రోల్ సి, లేకపోతే దాచినవి కూడా వచ్చేస్తాయి. ఈరోజు తేదీకి కంట్రోల్ సెమీకోలన్, ఇది రేపు తెరిచినా మారదు, టుడే ఫార్ములా అయితే మారిపోతుంది, వర్కింగ్ పేపర్‌లో నువ్వు చెక్ చేసిన తేదీ వేయడానికి ఇదే వాడు.

ఏదీ గుర్తు రాకపోతే ఊరికే ఆల్ట్ ఒక్కటి నొక్కి వదిలెయ్, పైన మెనూల మీద అక్షరాలు కనిపిస్తాయి, వాటిని వరసగా కొట్టుకుంటూ పోవడమే. ఆల్ట్, హెచ్, ఓ, ఐ అని ఒకదాని తర్వాత ఒకటి కొడితే కాలమ్ వెడల్పు సరిపోతుంది, ఆల్ట్, డబ్ల్యూ, ఎఫ్, ఎఫ్ అంటే ఫ్రీజ్, కిందికి జరిగినా పైన హెడింగులు కదలకుండా ఉండటానికి. బట్టీ పట్టక్కర్లేదు, రోజూ కొడుతుంటే వేళ్ళకే వచ్చేస్తుంది.

విండోస్‌లో నీకు పెద్దగా చెప్పేదేం లేదు, ఆల్ట్ ట్యాబ్ నీకూ తెలుసు. విండోస్ కీ తో ఎడమ బాణం, కుడి బాణం కొడితే బిల్లు పీడీఎఫ్ ఒకవైపు, టాలీ ఒకవైపు పెట్టుకోవచ్చు. నోటీసులో ముక్క కట్ చేసి పంపాలంటే విండోస్ షిఫ్ట్ ఎస్. పోర్టల్ ట్యాబ్ పొరపాటున మూసేస్తే కంట్రోల్ షిఫ్ట్ టి. విండోస్ వి ఒకసారి ఆన్ చేసుకుంటే కాపీ చేసినవి 25 దాకా గుర్తుపెట్టుకుంటుంది, జీఎస్టీ నంబర్లు వరసగా కాపీ చేసుకోడానికి భలే ఉంటుంది, కానీ క్లయింట్ల పాస్‌వర్డ్లు కాపీ చేసినా అందులోనే కూర్చుంటాయి, కాబట్టి నలుగురూ వాడే సిస్టమ్‌లో అది ఆన్ చేయకు. టీకి లేచినా విండోస్ ఎల్ కొట్టకుండా లేవకు, ఇది మాత్రం నేను అడగను, చెప్తున్నా.

ల్యాప్‌టాప్‌తో ఇంకో తలనొప్పి, ఎఫ్5 కొడితే పేమెంట్ రాకుండా వెలుతురు తగ్గడమో సౌండ్ పెరగడమో అవుతుంది. చాలావాటిల్లో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి కొడితే మామూలు ఎఫ్ కీల్లా పనిచేస్తాయి, కొన్నిటికి బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందు వచ్చే సెట్టింగుల్లోకి, వెళ్ళి మార్చాలి, అది మీ సిస్టమ్స్ చూసే అబ్బాయి చేత చేయించుకో. నీ చిన్న ల్యాప్‌టాప్‌కి పక్కన నంబర్ ప్యాడ్ లేదని అక్క చెప్పింది, వేరేగా యూఎస్‌బీది దొరుకుతుంది, నేను పంపిస్తాలే, ఈ ఉద్యోగానికి పై వరస అంకెలతో నెట్టుకురాలేవు.

ఇంకేమైనా అడగాలంటే 20 దాటాక ఫోన్ చెయ్, నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్, అదే త్రీబీ, అయ్యేదాకా నేను ఎత్తను.

నీ పిన్ని