రిపోర్టులన్నీ నార్మల్, అయినా గుండె దడ తగ్గడం లేదు: ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 38. మధురవాడలో ఉంటాం. గాజువాకలోని ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. బస్సులో రానూపోనూ మూడు గంటలు పడుతుంది. కొన్ని నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. గుండె దడ, మెడ పట్టేయడం, కడుపులో మంట ఉంటున్నాయి. జీఎస్టీ రిటర్నులు వేసే రోజుల్లో మరీ ఎక్కువ. ఈసీజీ, థైరాయిడ్, షుగర్ అన్నీ నార్మల్ అన్నారు. ‘టెన్షన్ తగ్గించుకోండి’ అని పంపించేశారు. ఇదంతా నా భ్రమేనా? పక్కింటావిడ ఇచ్చిన నిద్రమాత్ర రెండుసార్లు వేసుకున్నాను. కొనసాగించవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ బాధ భ్రమ కాదు. ఈసీజీ తీసిన ఆ కాసేపట్లో గుండె లయ ఎలా ఉందో చెబుతుంది, థైరాయిడ్ పరీక్ష ఆ గ్రంథి పనితీరును చెబుతుంది. రోజులో ఎన్ని గంటలు మీ శరీరం ఆపదను ఎదుర్కొంటున్నట్టుగా బిగుసుకుని ఉంటోందో చెప్పే పరీక్ష మాత్రం వాటిలో లేదు. మెదడు ప్రమాదాన్ని పసిగట్టగానే మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు క్షణాల్లో అడ్రినలిన్‌ను, కొన్ని నిమిషాల తర్వాత కార్టిసాల్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, మెడ, భుజాల కండరాలు బిగుస్తాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. కారణాలు ఎన్ని రకాలుగా ఉన్నా శరీరం స్పందించే తీరు చాలావరకు ఒకటేనని ఒత్తిడిపై పరిశోధించిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936లోనే చూపించారు. ఎదురుగా పాము కనిపించినా, రిటర్ను గడువు ముగిసే 20వ తేదీ సాయంత్రం జీఎస్టీ పోర్టల్ తెరుచుకోకపోయినా మీ గుండె దడదడలాడేది అందుకే. పాము వెళ్లిపోతే శరీరం కుదుటపడుతుంది. 11వ తేదీ రిటర్ను పని ముగిసేలోపే 20వ తేదీది ముంచుకొస్తే కుదుటపడే వ్యవధి దొరకదు. మీ సమస్యకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

తెల్లవారుజామున కార్టిసాల్ పెరగడం అందరిలోనూ సహజమే. అప్పటికే అప్రమత్తంగా ఉన్నవారికి ఆ వేళ నిద్ర తేలిగ్గా చెదిరిపోతుంది. మెలకువ వచ్చినప్పుడు ఫోన్‌లో టైం చూడకండి, చూస్తే ఇంకా ఎన్ని గంటలు పడుకోవచ్చన్న లెక్క మొదలవుతుంది. ఇరవై నిమిషాలకు కూడా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి, మసక వెలుతురులో కాసేపు కూర్చుని, కునుకు వస్తున్నప్పుడే మళ్లీ పడుకోండి. కాఫీ, టీలలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి ఆఫీసులో మధ్యాహ్నం రెండు దాటాక అవి మానేయండి. కడుపులో మంటకూ అది మేలే.

బస్సులో గడిచే మూడు గంటలను పూర్తిగా నష్టంగా లెక్కించనక్కరలేదు. సీటు దొరికిన రోజున హనుమంతవాక నుంచి మద్దిలపాలెం వచ్చేలోపు ఒక ఐదు నిమిషాలు, మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు శ్వాసలంత నెమ్మదిగా తీసుకుంటే గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడి చురుకవుతుంది. దడ మొదలయ్యాక మాత్రమే కాకుండా బాగున్న రోజుల్లోనూ చేస్తేనే ఇది అలవడుతుంది. నడక అనగానే మన ఊళ్లో అందరూ బీచ్ రోడ్డు పేరే చెబుతారు, కానీ మధురవాడ నుంచి అక్కడికి వెళ్లి రావడం మీకు మరో ప్రయాణం. సాయంత్రం ఒక స్టాపు ముందే దిగి, ఉక్కపోత తగ్గాక ఇంటికి వేగంగా నడిచినా చాలు. వారానికి 150 నిమిషాలు అయ్యేలా చూసుకోండి.

ఇవన్నీ చేసినా, ఇంటికి చేరాక వంట, పిల్లల చదువు, పెద్దల మందులు అన్నీ మీ ఒక్కరి మీదే పడుతుంటే ఫలితం అంతంతమాత్రమే. కనీసం ఆ రెండు తేదీల వారంలోనైనా ఏ పని ఎవరు చేయాలో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఆఫీసులో బిల్లులను చివరి రెండు రోజులకు వదలకుండా వారం వారం సరిచూసే వీలుందేమో అడగండి. రెండు రోజులు సెలవు పెట్టి అరకు వెళ్లి రమ్మని చాలామంది చెబుతారు. వెళ్లి రండి, కానీ సోమవారం పని తీరు మారకపోతే దడ కూడా తిరిగి వస్తుంది.

మాత్ర పేరు మీరు రాయలేదు. అది ఆందోళన తగ్గించడానికి డాక్టర్లు రాసే అల్ప్రాజోలం వంటిదైతే దయచేసి ఇంకెప్పుడూ వేసుకోకండి. అది త్వరగా పనిచేస్తుంది, కాబట్టే త్వరగా అలవాటవుతుంది. కొన్ని వారాల్లోనే అది లేనిదే నిద్ర పట్టని స్థితి రావచ్చు. రెండుసార్లు వేసుకున్నందుకు మీరు భయపడనవసరం లేదు. మీ పక్కింటావిడ రోజూ వాడుతుంటే మాత్రం ఆమె ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ పర్యవేక్షణలో మోతాదు తగ్గించుకుంటూ రావాలి.

హిమోగ్లోబిన్, బీపీ ఎంత ఉన్నాయో కూడా మీరు రాయలేదు. మీ వయసు మహిళల్లో రక్తహీనత ఎక్కువ, దానివల్లా దడ వస్తుంది. కాబట్టి ఆ రెండూ ముందుగా చూపించుకోండి. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే, లేదా బతకాలనిపించని ఆలోచనలు వస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి ‘టెలీ మానస్’ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ చూపించుకోవచ్చు. దడతో పాటు స్పృహ తప్పినట్టయినా, మెట్లెక్కేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చి చెమటలు పట్టినా, దాన్ని టెన్షన్ అనుకుని ఊరుకోకుండా వెంటనే 108కు ఫోన్ చేయండి.