సూదులు లేని కినీసియాలజీతో మెరిడియన్లను సరిచేయవచ్చా? నా అనుభవం

మీ అమ్మగారికి రెండేళ్ళుగా నడుము నొప్పి ఉందనీ, సూదులంటే భయపడి ఆక్యుపంక్చర్‌కు ఒప్పుకోవడం లేదనీ రాశారు. సూదులు లేకుండానే మెరిడియన్లను, అంటే చైనా వైద్యం ఒంటి పొడవునా ఉన్నాయని చెప్పే నాళాలను, సరిచేస్తామన్న ఒక కినీసియాలజీ (కండరాలను నొక్కి పరీక్షించే పద్ధతి) కేంద్రంలో ఆమె చేతిని నొక్కి చూసి, కిడ్నీ మెరిడియన్ బలహీనంగా ఉంది, పాలూ గోధుమలూ పడవు, మానెయ్యాలి అన్నారనీ, దీన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పమనీ అడిగారు. నేను వైద్యురాలిని కాను. పదమూడేళ్ళుగా జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాను. నా నడుము నొప్పికి ఇక్కడ సూదులతో ఆక్యుపంక్చర్ చేయించుకున్నాను. మా అబ్బాయి కడుపు నొప్పికి సూదులు లేని కినీసియాలజీ దగ్గరకు వెళ్ళాను. ఆ రెండు అనుభవాల తర్వాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఆ కేంద్రంలో మీ అమ్మగారి వీపూ కాళ్ళూ నిమిరి, నొక్కి పంపితే అభ్యంతరం లేదు, కానీ చేతి పరీక్షలో తేలిందన్న కారణంతో ఆమె చేత పాలు మాన్పించకండి, కిడ్నీల గురించి ఆమెను బెంగపడనివ్వకండి.

మెరిడియన్ అన్నది చైనా మాట కాదు. చైనావారు జింగ్‌లువో అంటారు. జింగ్ అంటే మొదట మగ్గం మీది పడుగు దారం. లువో అంటే వలలా అల్లుకున్నది. ఒంటి పొడవునా సాగే పడుగు దారాలూ, వాటిని కలిపే అల్లికా అన్నమాట; చేనేతను ఎరిగిన మనకు ఇది వెంటనే అందే పోలిక. 1930లలో జార్జ్ సూలియే ద మొరాఁ అనే ఫ్రెంచి రచయిత, చైనాలో దౌత్య ఉద్యోగం చేసి వచ్చినవాడు, భూగోళం మీది రేఖాంశాలకు వాడే మెరిడియన్ అన్న మాటను వీటికి పెట్టాడు, వీటిలో ప్రవహిస్తుందని చెప్పే చీ అన్న మాటను, ఊపిరి, ఆవిరి అనే అర్థాలున్నదాన్ని, ఎనర్జీగా అనువదించాడు. శరీరంలో కరెంటు తీగల వంటివేవో ఉన్నాయనీ, వాటిలో ఎక్కడో ప్రవాహం ఆగిపోయిందనీ ఈనాడు మనకు కలిగే ఊహలో సగం ఆ అనువాదం తెచ్చిపెట్టినదే.

ఈ నాళాల లెక్క కూడా మొదటి నుంచీ ఒకేలా లేదు. హునాన్ రాష్ట్రంలోని చాంగ్షా దగ్గర, మావాంగ్‌దుయ్ అనే చోట క్రీ.పూ. 168లో మూసిన సమాధిని 1973లో తవ్వినప్పుడు, పట్టు మీద రాసిన వైద్య గ్రంథాలు బయటపడ్డాయి. వాటిలో నాళాలు 11 మాత్రమే. అంతకంటే ఆసక్తికరమైన విషయం, వాటిలో ఈ నాళాలకు చెప్పిన చికిత్స సూదులు కాదు, వేడి; మన వినాయక చవితి పత్రిలో మొదటగా వచ్చే మాచిపత్రి జాతికే చెందిన మొక్క ఆకులను ఎండబెట్టి, కాల్చి కాక పట్టడం. అంటే సూదులు లేని చికిత్స ఈ మధ్య కనిపెట్టినదేమీ కాదు. తర్వాతి కాలపు శాస్త్రంలో నాళాలు 12 అయ్యాయి, ఒక్కొక్కదానికి రోజులో రెండేసి గంటల కాలం కేటాయించారు, ఒంటి మధ్యగీత మీద ముందొకటి, వెనకొకటి కలిపి 14 నాళాల మీద 361 స్థానాలను గుర్తించారు. స్థానాన్ని కొలవడానికి రోగి బొటనవేలి వెడల్పే కొలమానం. పొడగరికీ పొట్టివాడికీ ఎవరి కొలత వారిదే. ఈ ఏర్పాటులో ఉన్న శ్రద్ధను చూస్తే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. అయితే శవపరీక్షలో గానీ సూక్ష్మదర్శిని కింద గానీ రక్తనాళంలా, నరంలా ప్రత్యేకంగా చూపించగల మెరిడియన్ అనే భాగం ఇంతవరకు కనబడలేదు.

కిడ్నీ మాట మీ అమ్మగారిని భయపెట్టి ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే మొదటిసారి విన్నప్పుడు నేనూ భయపడ్డాను. చైనా వైద్యంలో నడుమును కిడ్నీకి నివాసంగా భావిస్తారు. ఎముకల బలం, సంతాన శక్తి, ముసలితనం కూడా దాని కిందికే వస్తాయి. కాబట్టి ఏళ్ళ తరబడి నడుము నొప్పి ఉన్నవారిలో చాలామందికి వారు కిడ్నీ పేరే చెబుతారు. దానికీ, మన ఆసుపత్రిలో రక్తంలో క్రియాటినిన్ చూసి చెప్పే మూత్రపిండాల జబ్బుకూ సంబంధం లేదు. ఆమెకు ఈ మాట మీరే విడమరిచి చెప్పండి.

ఇక కినీసియాలజీ. ఈ పేరుతో విశ్వవిద్యాలయాల్లో చెప్పేది కదలికల శాస్త్రం, అది వేరు. ఆటగాళ్ళ భుజాల మీద కనిపించే రంగు రంగుల టేపు జపాన్‌కు చెందిన కెంజో కాసే తెచ్చినది, అదీ వేరు. మీ అమ్మగారికి చేసినది 1964లో అమెరికాలోని డెట్రాయిట్‌లో జార్జ్ గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్ (వెన్నెముకను చేతులతో సర్ది చికిత్స చేసేవాడు) మొదలుపెట్టిన పద్ధతి నుంచి వచ్చింది. పోలియో రోగుల కండరాల్లో బలం ఎంత మిగిలిందో చూడటానికి అంతకుముందే వైద్యులు వాడుతున్న కండర పరీక్షను ఆయన తీసుకుని, ఒక్కో కండరానికి ఒక్కో అవయవాన్నీ, ఆపైన ఒక్కో చైనా మెరిడియన్‌నూ జతచేశాడు: ఛాతీ పైభాగపు కండరం కడుపుకు, వీపు మీది వెడల్పాటి కండరం ప్లీహానికి, తుంటి లోపలి సోయాస్ కండరం కిడ్నీకి. ఆయన దగ్గర నేర్చుకున్న జాన్ థీ 1973లో దీన్ని ఇళ్ళలో ఎవరైనా చేసుకోగల పద్ధతిగా ప్రచారంలోకి తెచ్చాడు. కండరం నిలవకపోతే సంబంధించిన మెరిడియన్ దారి వెంట అరచేతితో నిమరడం, కొన్ని బిందువులను పట్టి ఉంచడం, మళ్ళీ పరీక్షించడం ఇందులోని క్రమం. ఏ కండరాన్ని ఏ అవయవంతో జోడించాలన్న ఈ పట్టిక రెండువేల ఏళ్ళ చైనా గ్రంథాల నుంచి వచ్చింది కాదు, డెట్రాయిట్‌లో పుట్టింది. ఈ విషయం చాలా కేంద్రాల్లో చెప్పరు.

మా అబ్బాయికి నాలుగేళ్ళప్పుడు తరచూ కడుపు నొప్పి వచ్చేది. తెలిసినవారు చెబితే ఒక కినీసియాలజిస్టు దగ్గరకు తీసుకువెళ్ళాను. పిల్లవాడు చిన్నవాడు కనుక వాడికి బదులు నా మీద పరీక్ష చేస్తామన్నారు. ఒక చేత్తో వాడి చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి భుజం ఎత్తుకు చాచి నిలబడ్డాను. వాడి పొట్ట మీద చిన్న చిన్న సీసాలు ఒక్కొక్కటిగా పెడుతూ, పేరు చెప్పి, నా మణికట్టును కిందికి నొక్కారు. బియ్యం అన్నప్పుడు చెయ్యి నిలిచింది. పాలు అన్నప్పుడు జారిపోయింది. నా చెయ్యి నా మాట వినకుండా జారడాన్ని నేనే చూశాను, అందుకే నమ్మాను. ఆ క్షణంలో ఎవరైనా నమ్ముతారు. అయిదు నెలలు వాడికి పాలు, పెరుగు, వెన్న, చపాతీ అన్నీ ఆపేశాను. పెరుగన్నం కోసం ఏడ్చిన పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఊరడించిన రాత్రులు నాకింకా గుర్తున్నాయి. నొప్పి తగ్గలేదు, బరువు మాత్రం పెరగడం ఆగిపోయింది. చివరికి పిల్లల వైద్యురాలు పరీక్షించి, అది చాలాకాలంగా ఉన్న మలబద్ధకమని తేల్చారు. ఆసుపత్రిలో వైద్యుల ఎదుట కొంచెం కొంచెంగా పాలు తాగించి గంటల తరబడి గమనించారు, ఏమీ కాలేదు. ఆ సాయంత్రం వాడు రెండు గిన్నెల పెరుగన్నం తిన్నాడు.

ఆ తర్వాత ఇంట్లో మేమే ఒక పరీక్ష చేసుకున్నాం. ఒకే రకం సీసాల్లో ఒకదానిలో పాలపొడి, ఒకదానిలో బియ్యప్పిండి పోసి, కాగితం చుట్టి, ఏది ఎందులో ఉందో మా స్నేహితురాలు మాత్రం రాసుకుంది. నాకూ, నా చెయ్యి నొక్కే మావారికీ తెలియదు. 20 సార్లు చేస్తే 11 సార్లు సరిపోయింది, అంటే నాణెం ఎగరేసినా అంతే వచ్చేది. కాగితం తీసేసి చేస్తే పాలపొడి పట్టుకున్న ప్రతిసారీ చెయ్యి జారింది. 1988లో అమెరికాలో ముగ్గురు అనుభవజ్ఞులైన కినీసియాలజిస్టులు 11 మందిని పరీక్షించి, వారిలో థయామిన్, జింక్, ఎ, సి విటమిన్ల స్థితిని చెప్పిన అధ్యయనం ఒకటి ఉంది. ముగ్గురి మాటలూ ఒకదానితో ఒకటి పొసగలేదు, ప్రయోగశాల పరీక్షలతోనూ పొసగలేదు. ఇందులో నొక్కేవారు మోసం చేస్తున్నారని నేను అనను. మనసులో ఉన్న ఎదురుచూపు మనకు తెలియకుండానే కండరాన్ని కదిలిస్తుందని ఇంగ్లండు వైద్యుడు విలియం కార్పెంటర్ 1852లోనే వివరించాడు. నొక్కే కోణం రవ్వంత మారినా, మనం సిద్ధపడకముందే అరక్షణం ముందుగా నొక్కినా, చెయ్యి నిలవదు. నాకు పరీక్ష చేసినావిడ ఎంతో ప్రేమగా మాట్లాడారు, ఆవిడ తన పరీక్షను మనస్ఫూర్తిగా నమ్మారు. పిల్లవాడు పెరుగన్నానికి దూరమైనది ఆ నమ్మకం వల్లనే, మరి.

ఆక్యుపంక్చర్ విషయంలో నా మాట ఇంత కఠినంగా ఉండదు. జర్మనీలో నడుము నొప్పి ఉన్న 1,162 మంది మీద చేసిన పెద్ద అధ్యయనం 2007లో వెలువడింది. చైనా పద్ధతి ప్రకారం సూదులు పెట్టినవారిలో ఆరు నెలల తర్వాత 47.6 శాతం మందికి మేలు కనిపించింది. మెరిడియన్ స్థానాలు కాని చోట్ల, పైపైన సూదులు గుచ్చినవారిలో 44.2 శాతం మందికి. మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామాలతో మామూలు వైద్యం పొందినవారిలో 27.4 శాతం మందికి. ఈ మూడు అంకెలనూ కలిపి చదవాలి. సూది ఎక్కడ దిగిందన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు, కానీ సూదులు పెట్టించుకున్నవారు మాత్రం మిగతావారికంటే స్పష్టంగా కోలుకున్నారు. ఆ ఏడాది నుంచే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా దీర్ఘకాలపు నడుము నొప్పికీ, మోకాలి అరుగుదలకీ ఆక్యుపంక్చర్ ఖర్చు భరిస్తోంది. నాకు పది సార్లు చేశారు. ఆరోసారి తర్వాత నొప్పి సగానికి తగ్గింది. అది సూదుల వల్లనా, వారానికి రెండుసార్లు అరగంట కదలకుండా పడుకోవడం వల్లనా, నా మాట ఓపికగా విన్న మనిషి వల్లనా అని విడదీసి చెప్పడం నాకు చేతకాదు. ఒక్క మణికట్టు బిందువు సంగతి మాత్రం మెరుగ్గా రుజువైంది: మణికట్టు గీతకు రెండు బొటనవేళ్ళ వెడల్పు పైన, రెండు స్నాయువుల మధ్య ఉండే నైగువాన్ దగ్గర ప్రేరణ ఇస్తే, ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం తగ్గుతుందని అనేక అధ్యయనాల్లో తేలింది, దానికి నొక్కుడు పట్టీ అయినా సరిపోతుంది.

మనవాళ్ళు కొందరు ఇవే మన మర్మస్థానాలు, ఇవే మన ఇడా పింగళా నాడులు అంటూ ఉంటారు. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాలు ప్రధానంగా దెబ్బ తగిలితే ప్రాణానికో అవయవానికో ముప్పు వచ్చే చోట్లు, శస్త్రం పట్టినవాడు తప్పించవలసిన చోట్లు. పోలిక ఆకర్షణీయంగా ఉన్నా, రెండూ ఒకటి కావు.

మీ అమ్మగారి కోసం ముందు ఒక ఎముకల వైద్యుణ్ణి కలవండి. కాళ్ళలో బలహీనత, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఏ కేంద్రానికీ వెళ్ళకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అవేవీ లేకపోతే రోజూ నడక, వైద్యుడు చెప్పిన వ్యాయామాలు, వాటితో పాటు ఆమెకు హాయిగా ఉంటే నొక్కుడు చికిత్స, సాగనివ్వండి. ఆ వయసులో పాలూ పెరుగూ ఎముకలకు అవసరం. నిజంగా పడవన్న అనుమానం ఉంటే అలర్జీ వైద్యుడి దగ్గర పరీక్ష చేయించండి. ఆ కేంద్రంవారిని కూడా, సీసాలకు కాగితం చుట్టి, వారికీ మీకూ తెలియకుండా పదిసార్లు పరీక్ష చేయమని మర్యాదగా అడగవచ్చు.

సూదుల భయం గురించి ఒక మాట. ఆమె మనసులో ఉన్నది బహుశా ఇంజెక్షన్ సూది. ఆక్యుపంక్చర్ సూది దానికంటే చాలా సన్నం, లోపల రంధ్రం ఉండదు, మందు ఎక్కించరు, ఒకసారి వాడి పారేస్తారు. నా మొదటి రోజున వైద్యుడు ఒక సూదిని పొట్లం విప్పి నా అరచేతిలో పెట్టి, రెండు నిమిషాలు చూసుకోనిచ్చారు. మీ అమ్మగారిని ఎప్పుడైనా అర్హత గల ఆక్యుపంక్చర్ వైద్యుడి దగ్గరకు తీసుకువెళితే, ముందు అలాగే చేయమని అడగండి.