అక్క ట్రిపుల్ ఐటీకి వెళ్ళాక ఇంట్లో ఉన్న తమ్ముడు డల్ అయిపోవడం మామూలేనా?

మామూలే, బెంగ వెళ్ళినవాళ్ళకే కాదు, ఇంట్లో మిగిలినవాళ్ళకీ ఉంటుంది, చాలామందిలో కొన్ని వారాల్లో మెల్లగా తగ్గుతుంది. దీనికి ప్రేమ ఎంత కారణమో అలవాటూ అంతే కారణం. తోబుట్టువుల్లో ఒకరి దినచర్య ఇంకొకరితో ముడిపడి ఉంటుంది. మనిషి వెళ్ళినా, కలిసి గడిపిన ఆ వేళలు రోజూ వస్తూనే ఉంటాయి. అందుకే పగలు స్కూల్లో బాగానే ఉన్నవాడు రాత్రి అన్నం దగ్గర మూగబోతాడు.

నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీలనే చూడండి. పదో తరగతి కాగానే సీటు, 6 ఏళ్ళ కోర్సు, హాస్టల్లోనే ఉండాలి. అక్క 15, 16 ఏళ్ళకే ఇల్లు వదిలితే, అలవాటుగా రెండు కంచాలు తీసి ఒకటి మళ్ళీ స్టాండులో పెట్టేది ఈ తమ్ముడే. ఫోన్‌కి ఒక వేళ పెట్టుకుంటే, అన్నం తర్వాత ఖాళీలో క్యారమ్స్‌కో నడకకో ఎవరైనా తోడుంటే తేలికపడుతుంది.

'రోజూ కొట్టుకునేవాళ్ళేగా, వీడికి బెంగేంటి' అంటారు పెద్దవాళ్ళు. అదే పొరపాటు. రిమోట్ కోసం కొట్లాట కూడా అలవాటే. ఇప్పుడు రిమోట్ చేతిలోనే ఉంది, లాక్కునేవాళ్ళే లేరు. కాకపోతే వారాలు గడిచినా నిద్ర, తిండి సరిగ్గా లేకపోతే డాక్టరుకో కౌన్సెలర్‌కో చూపించాలి.