మా హారర్ గేమ్‌లో దెయ్యం కనబడితే జనం నవ్వుతున్నారు, ఎక్కడ తప్పు జరుగుతోంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇద్దరు కలిసి ఇరవై నిమిషాల హారర్ గేమ్ చేశారు. పాడుబడ్డ పిచ్చాసుపత్రి, చేతిలో టార్చి, ఒక పిస్తోలు, నలభై తూటాలు. అయిదు చోట్ల దెయ్యం ఉన్నట్టుండి మీద పడుతుంది (దీన్నే జంప్ స్కేర్ అంటారు). ఆడినవాళ్లు మొదటిసారి ఉలిక్కిపడ్డారు, రెండోసారి మొహం చిట్లించారు, మూడోసారికి నవ్వేశారు. సైలెంట్ హిల్ 2 అనే హారర్ గేమ్‌లో చాలాసేపు ఏమీ జరగకపోయినా వదలని ఆ కలవరం మీ ఆటలో ఎందుకు రావట్లేదని అడిగారు.

దెయ్యం మోడల్ జోలికి పోకండి. తేడా మీ టార్చిలో ఉంది. మీ ఆటలో టార్చి, పిస్తోలు, మ్యాపు అన్నీ ప్లేయర్ పక్షమే. ఈ జానర్‌లో పేరున్న ఆటలు తీసి చూడండి, చేతికిచ్చిన ప్రతి వస్తువూ సగం ప్లేయర్‌కి పనిచేస్తుంది, సగం శత్రువుకి పనిచేస్తుంది.

1999లో వచ్చిన మొదటి సైలెంట్ హిల్‌లో హ్యారీ మేసన్ దగ్గర ఒక రేడియో ఉంటుంది. జీవి ఏదైనా దగ్గరికొస్తే గరగరమంటుంది. ఉందని తెలుస్తుంది, ఎటువైపుందో తెలియదు. చుట్టూ పొగమంచు. ఆ మంచు అసలు ప్లేస్టేషన్ దూరంగా ఉన్న వీధుల్ని గీయలేక వేసుకున్న తెర. యంత్రం చేతకానితనం అలా ఆటకి ఆస్తి అయింది. రేడియో లేకపోతే మంచులో తాపీగా నడుస్తాం. రేడియో ఉంది కాబట్టే ఆగుతాం, చుట్టూ తిరిగి చూస్తాం, లేనిదాన్ని కూడా ఊహించుకుంటాం.

2014 నాటి ఏలియన్: ఐసొలేషన్ ఇదే పని మరింత కసిగా చేసింది. మోషన్ ట్రాకర్ ఎత్తితే తెర మీద చుక్క, దూరం కనబడతాయి. ఆ చుక్క మన అంతస్తులో నడుస్తోందా, నెత్తి మీద గొట్టంలో పాకుతోందా అన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. ట్రాకర్ మీద చూపు పెడితే ముందున్న గది మసకబారుతుంది, గదిని చూస్తే ట్రాకర్ మసకబారుతుంది. ఏలియన్ బాగా దగ్గర్లో ఉంటే ఆ బీప్ దానికీ వినబడుతుంది. అవుట్‌లాస్ట్‌లో చీకట్లో చూడాలంటే కెమెరా నైట్ విజన్ వేయాలి, వేస్తే బ్యాటరీ కరిగిపోతుంది. అమ్నీషియా: ది బంకర్‌లో టార్చికి బ్యాటరీయే లేదు, తాడు లాగి డైనమో తిప్పాలి, ఆ చప్పుడుకి గోడల్లో తిరిగే మృగం వస్తుంది. ఫేటల్ ఫ్రేమ్‌లో దెయ్యాన్ని కెమెరాతో ఫొటో తీసే కొట్టాలి, దెబ్బ గట్టిగా తగలాలంటే అది మీద పడబోయే క్షణం దాకా కళ్లార్పకుండా ఆగాలి. పారిపోవాలనిపించే చోట నిలబడి చూడమంటుంది ఆట. ఇంతకన్నా తెలివైన పోరాట పద్ధతి ఈ జానర్‌లో రాలేదని నా అభిప్రాయం.

మీ టార్చికీ ఇలాంటి మెలిక ఒకటి పెట్టండి. ఒక్కటే. బ్యాటరీ, చప్పుడు, వెలుతురుకి దెయ్యం రావడం మూడూ కలిపి పెడితే భయం పోయి చిరాకు మిగులుతుంది. మీ కారిడార్‌లకి వెలుతురు మెలిక సరిపోతుంది: టార్చి వెలిగి ఉంటే దెయ్యం ప్లేయర్‌ని పన్నెండు మీటర్ల నుంచి గుర్తించాలి, ఆరి ఉంటే నాలుగు మీటర్ల లోపలికి వస్తేనే గుర్తించాలి. ఈ అంకెలు మొదలుపెట్టడానికే, మీ గదుల కొలతల్ని బట్టి సవరించుకోండి. ఒకవేళ బ్యాటరీయే ఎంచుకుంటే శాతం అంకె చూపించకండి, వెలుగు మినుకుమినుకుమనడంతోనే తెలియనివ్వండి. చివరి అయిదు శాతం మాత్రం ఎప్పటికీ అయిపోకూడదు. పూర్తిగా చీకటైతే ప్లేయర్ భయపడడు, గోడలకి గుద్దుకుని గుద్దుకుని ఆట మూసేస్తాడు.

తూటాల సంగతి. నలభై ఎక్కువ. ఉన్న శత్రువులందర్నీ చంపడానికి ఎన్ని కావాలో లెక్కగట్టి అందులో అరవై, డెబ్బై శాతమే ఆటంతా కలిపి దొరికేలా చల్లండి. మిగతా చోట్ల తప్పుకునే దారి ఉండి తీరాలి, లేకపోతే అది కొరత కాదు, మోసం. 2002 రెసిడెంట్ ఈవిల్ రీమేక్ ఇంకో మెట్టు పైకెక్కింది: జాంబీని చంపి తల పగలకుండా, కాల్చకుండా వదిలేస్తే కొంతసేపటికి అదే శవం క్రిమ్సన్ హెడ్‌గా లేచి పరుగెత్తుకొస్తుంది. కాల్చడానికి కిరోసిన్ కావాలి, వెంట తీసుకెళ్లే సీసాలో రెండుసార్లకే పడుతుంది. దాంతో గెలుపు కూడా అప్పుగా మారింది. పడి ఉన్న శవాన్ని దాటి వెళ్లాల్సిన ప్రతిసారీ ఆ అప్పు గుర్తొస్తుంది. మీ ఆటలో శత్రువులు ముగ్గురే అయినా ఇది పనిచేస్తుంది, కొత్త మోడల్ ఒక్కటీ గీయనక్కర్లేదు.

ఇక శబ్దం. చిన్న టీమ్‌కి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇక్కడే, కాబట్టి ఉన్న టైమంతా దీని మీద పెట్టినా నష్టం లేదు.

మీరు వాడింది ముప్పై సెకన్ల ఆంబియంట్ లూప్ (వెనకాల మళ్లీ మళ్లీ తిరిగే పరిసరాల చప్పుడు) అని రాశారు. నాలుగోసారి తిరిగేసరికి చెవి దాన్ని పట్టేస్తుంది, పట్టేశాక అది ఫ్యాన్ చప్పుడుతో సమానం. ఒకటి బదులు మూడు పలచని లూపులు తీసుకోండి: ఒకటి 47 సెకన్లు, ఒకటి 61, ఒకటి 73. మూడూ కలిసి నడుస్తుంటే అదే కలయిక మళ్లీ వినబడటానికి గంటలు పడుతుంది. ఒకటి గాలి, ఒకటి కరెంటు గుంయ్‌మనే చప్పుడు, మూడోది ఏమిటో పోల్చుకోలేనిది. ఇనుప గేటు కిర్రుమనే రికార్డింగుని నాలుగో వంతు వేగానికి తగ్గించి చూడండి, ఏదో మూలుగుతున్నట్టే ఉంటుంది. మూలుగు రికార్డు చేసి పెడితే మాత్రం మూలుగులాగే ఉంటుంది, అందుకే అది పనికిరాదు.

తలుపు అవతలి శబ్దానికి వాల్యూమ్ తగ్గించి ఊరుకోకండి, లో-పాస్ ఫిల్టర్ వేసి 800 హెర్ట్జ్ పైనున్నది కోసేయండి. తలుపు తెరిచేకొద్దీ ఫిల్టర్ అర సెకనులో విచ్చుకోవాలి. అప్పుడే తలుపు ఒక వస్తువు అవుతుంది, తెరవాలా వద్దా అన్న ప్రశ్న పుడుతుంది. అడుగుల చప్పుడు నేలకి ఒక్కటి కాదు, కనీసం అయిదారు రికార్డింగులు ఉండాలి. ప్లేయర్ ఆగిన తర్వాత, ఎప్పుడో ఒకసారి, ఒక్క అడుగు ఎక్కువ వినిపించండి. ఇరవై నిమిషాల ఆటలో రెండుసార్లు మించితే అది బగ్ అనుకుంటారు.

మిక్స్ మొత్తం గట్టిగా ఉంటే అరుపుకి చోటు మిగలదు, మామూలు శబ్దాల్ని బాగా కింద ఉంచండి. దెయ్యం రాబోయే ముందు సంగీతం పెంచే అలవాటు మానండి, అది ముందే టముకు వేసి చెప్పడమే. దానికి బదులు ఒక లూపుని చప్పున ఆపేయండి. ఆపాక ఏమీ జరగనివ్వకండి. ఇదీ మోతాదులోనే సుమా, అయిదుసార్లు ఆపి అయిదుసార్లూ ఏమీ లేదంటే ‘నాన్నా పులి’ కథ అవుతుంది. ఇంకొక చిన్న మాట: మీ ఆటలో హెడ్‌ఫోన్ మోడ్ ఉంటే, కంప్యూటర్‌లో ఉండే వర్చువల్ సరౌండ్ (శబ్దం చుట్టూ నుంచి వస్తున్నట్టు భ్రమ కలిగించే సెట్టింగు) ఆపమని మొదటి తెర మీదే రాయండి. రెండూ కలిస్తే ముందు శబ్దమేదో, వెనక శబ్దమేదో తెలియని కలగూరగంప అవుతుంది.

చీకటి గురించి ఎక్కువ చెప్పను. మీ టెస్టర్లు గామా (తెర మీద చీకటి భాగాల వెలుతురు) పెంచి ఆడారన్నారు, అందరూ అదే చేస్తారు. నలుపుని నమ్ముకోకండి, మూల మలుపుల్ని, పొగని, టార్చి వెలుగు వెడల్పుని నమ్ముకోండి. అన్‌రియల్ ఇంజిన్‌లో ఆటో ఎక్స్‌పోజర్ (వెలుతురుని తనంతట తనే సర్దే సెట్టింగు) ముందే ఆన్‌లో ఉంటుంది, దాని కనిష్ఠ విలువ పెంచకపోతే చీకటి గదిలో అడుగుపెట్టిన కాసేపటికి ఇంజినే గదిని వెలిగించేస్తుంది. చీకటి గోడల మీద చారలు కనబడుతుంటే కొంచెం ఫిల్మ్ గ్రెయిన్ (పాత సినిమాల్లోలాంటి సన్నని నలుసులు) వేయండి, కలిసిపోతాయి.

శత్రువు తెలివి సంగతికొస్తే, ప్లేయర్ ఎక్కడున్నాడో శత్రువుకి నేరుగా చెప్పకండి, బొత్తిగా చెప్పకుండా కూడా ఉండకండి. ఏలియన్: ఐసొలేషన్‌లో రెండు పొరలున్నాయి. పైనున్న ‘డైరెక్టర్’ అనే ప్రోగ్రామ్‌కి అన్నీ తెలుసు, కింద తిరిగే ఏలియన్‌కి కళ్లూ చెవులే దిక్కు. డైరెక్టర్ అప్పుడప్పుడూ ‘ఆ చుట్టుపక్కల చూడు’ అని పురమాయిస్తుంది, ఒత్తిడి మరీ ఎక్కువైతే వెనక్కి పిలుస్తుంది. మీ స్థాయిలో దీనికి ఒక్క అంకె చాలు, సున్నా నుంచి వంద. శత్రువు కనబడుతున్నా, పది మీటర్ల లోపున్నా అంకె పెరుగుతుంది. ఎనభై దాటితే శత్రువుని దూరపు గదికి పంపేయండి. రెండు నిమిషాలపాటు ఇరవై కింద ఉంటే, ప్లేయర్ చుట్టూ పదిహేను మీటర్లలో ఏదో ఒక చోటు ఎంచి అక్కడికి తోలండి. సరిగ్గా నిలబడ్డ చోటికి పంపారో, ప్లేయర్ ఆ మోసాన్ని రెండోసారికే పసిగడతాడు.

చావు అనేది భయానికి విరుగుడు. ఒకే చోట మూడుసార్లు చచ్చినవాడికి అక్కడున్నది దెయ్యం కాదు, ఎప్పుడు పరుగెత్తాలో నేర్చుకోవాల్సిన లెక్క. దొరికితే వెంటనే చంపకుండా మొదటిసారి విదిలించుకుని పారిపోనివ్వండి, దానికి టార్చినో తూటాలనో పోగొట్టుకోనివ్వండి. చచ్చినా అయిదారు నిమిషాల ఆట మించి పోకూడదు. సేవ్‌ని కూడా భయంలో భాగం చేయొచ్చు. ఏలియన్: ఐసొలేషన్‌లో గోడకున్న యంత్రంలో కార్డు పెట్టాక మూడు బీప్‌లు అయ్యేదాకా నిలబడాలి. రెండో బీప్‌కి వెనక కారిడార్‌లో బరువైన అడుగు వినబడుతుంది. కార్డు తియ్యాలా, మూడో బీప్ కూడా రానివ్వాలా? కొన్ని సెకన్లే, అయినా ఆటంతట్లో ఎక్కువ చెమట పట్టేది అక్కడే. సైలెంట్ హిల్ 4 ఇంకో దారి పట్టింది: 302 నంబర్ గది మొదటి సగంలో గాయాలు మాన్పుతుంది, తర్వాత ఆ గదిలోకే దెయ్యాలు దిగుతాయి. ముందు గది మీద నమ్మకం కుదిరింది కాబట్టే ఆ దెబ్బ తగిలింది. ఇరవై నిమిషాల ఆటలో ఆ నమ్మకం కుదిరే వ్యవధి లేదు, అది కాపీ కొట్టకండి.

సైకలాజికల్ అన్న మాటకి న్యాయం చేసేది ఇంకొకటుంది. సైలెంట్ హిల్ 2 కథ తెలియకూడదనుకునేవాళ్లు ఈ ఒక్క పేరా దాటేయండి. చనిపోయిన భార్య మేరీ నుంచి ఉత్తరం వచ్చిందని కథానాయకుడు జేమ్స్ సైలెంట్ హిల్ అనే ఊరికొస్తాడు. ఆట మనల్ని ఎక్కడా ‘ఇదా, అదా’ అని అడగదు, చూస్తూ ఉంటుంది. ఆ ఊళ్లో కలిసే ఆంజెలా దగ్గర్నుంచి వచ్చిన కత్తిని బ్యాగులోంచి తీసి చూశామా, దెబ్బలు తగిలినా మందు వేసుకోకుండా తిరిగామా, మేరీ ఫొటో చూశామా, చివరి కారిడార్‌లో వినబడే మాటల్ని పూర్తిగా విన్నామా. వీటన్నిటినీ కలిపి జేమ్స్ బతకాలనుకుంటున్నాడా లేదా అన్నది తేలుస్తుంది. మీరూ రెండు మూడు అలవాట్లని చప్పుడు చేయకుండా లెక్కపెట్టి చివరి గదిని వాటిని బట్టి మార్చవచ్చు. ‘మీ నిర్ణయాన్ని గేమ్ గుర్తుంచుకుంటుంది’ లాంటి మెసేజ్ తెర మీద వేశారో, మొత్తం పోయినట్టే.

పిచ్చితనం మీటర్ పెట్టాలన్న మీ ఆలోచన వదిలేయండి. 2002లో ఎటర్నల్ డార్క్‌నెస్ అనే ఆట వాల్యూమ్ తగ్గుతున్నట్టు, సేవ్ ఫైళ్లు చెరిగిపోతున్నట్టు నటించి ఆడేవాళ్లని హడలగొట్టింది నిజమే. ఆ ఎత్తు ఒక్కొక్కటీ ఒక్కసారే పారుతుంది. పైగా మీటర్ కనబడితే ప్లేయర్ దాన్ని నింపుకోవాల్సిన బిందెలా చూస్తాడు. పిచ్చాసుపత్రి కూడా మార్చగలిగితే మార్చండి. మతి చెడినవాళ్లంటే రాక్షసులన్న పాత సరుకు అది, జబ్బుతో ఉన్నవాళ్లకి అన్యాయం, ఆటకి కూడా లాభం లేదు, ఎందుకంటే ఆ చోట ఏదో జరుగుతుందని అందరికీ ముందే తెలుసు. 2014లో వచ్చిన పి.టి. అనే చిన్న హారర్ ఆట మొత్తం దాదాపు ఒక ఇంట్లోని ఎల్ ఆకారపు కారిడార్. చివరి తలుపు తెరిస్తే మళ్లీ అదే కారిడార్ మొదటికొస్తాం. టార్చి చేతికొచ్చిన దగ్గర్నుంచి అందులోని దెయ్యం లీసా ప్లేయర్ వీపుకి అంటుకునే నడుస్తుందని 2019లో ఒక మాడర్ (ఆట ఫైళ్లని తవ్వి మార్చేవాడు) కెమెరాని విడదీసి చూపించాడు. ఇద్దరే ఉన్న టీమ్‌కి ఇంతకన్నా చవకైన పాఠం దొరకదు: ఒకే కారిడార్‌ని రెండుసార్లు ఏ మార్పూ లేకుండా నడిపించండి, మూడోసారి ఒక్క వస్తువు మార్చండి, మార్చినదాని మీద లైటు వేయకండి.

తర్వాతి టెస్టుకి అయిదు జంప్ స్కేర్‌లలో నాలుగు తీసేయండి. ఆడినవాళ్లని ‘భయమేసిందా’ అని అడగకండి, మొహమాటానికి అవునంటారు. తెర రికార్డు చేసి, ఏ తలుపు ముందు ఎన్ని సెకన్లు ఆగారో, ఎక్కడ పరుగు మాని నడిచారో, ఎక్కడ వెనక్కి తిరిగి చూశారో రాసుకోండి. అయిదారుగురు ఆడితే ఏదో ఒక తలుపు దగ్గర అందరూ ఆగుతున్నారని తేలుతుంది. ఆ గదిని ఖాళీగానే వదిలేసి, మిగిల్చిన ఆ ఒక్క జంప్ స్కేర్‌ని ఆ గదిలోంచి బయటికొచ్చాక, అప్పటికే నాలుగుసార్లు నడిచిన కారిడార్‌లో పెట్టండి.