ఎడారిలో గోల్ఫ్ కోర్స్‌కి అన్ని నీళ్ళు పెట్టడం దండగ కాదా?

దండగ కాదు. కాలిఫోర్నియాలో ఇంపీరియల్ లోయలోని బ్రాలీ అనే చిన్న ఊళ్ళో ఆరేళ్ళు ఉన్నాను. అక్కడి కోర్స్ చూశాకే చెబుతున్నాను.

ఆ ఊరు సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. ఏడాదికి మూడంగుళాల వాన పడితే గొప్ప. కొలరాడో నది నీళ్ళు 80 మైళ్ళ ఆల్ అమెరికన్ కాలువలో వస్తేనే బతుకు. ఆ నీళ్ళతో దాదాపు 5 లక్షల ఎకరాలు సాగవుతాయి. చలికాలంలో లెట్యూస్, ఏడాది పొడవునా పశువుల మేతకు లూసర్న్ గడ్డి. ఆ గడ్డిలో కొంత ఎండబెట్టి, మోపులు కట్టి ఓడల్లో విదేశాలకు పంపుతారు. దాన్ని ఎవరూ అడగరు. నూట యాభై ఎకరాల కోర్స్ మాత్రం అందరికీ కంట్లో పడుతుంది! గంటన్నర దూరంలో పామ్ స్ప్రింగ్స్ చుట్టూ డబ్బున్నవాళ్ళ కోర్సులు వందకు పైగా ఉన్నాయి. వాటి ఫోటోలు చూపించి ఈ రైతుల ఊరిని తిట్టడం అన్యాయం.

జూలైలో ఒకరోజు తెల్లవారుజామున ఐదింటికే ఆటకు వెళ్ళాం. పది దాటితే నిలబడలేం. నాతో ఒక పెద్దాయన ఉండేవారు. మన కాలువల మీద పొలాలకు నీళ్ళు వదిలే లస్కర్ చేసే పనే ఆయన జీవితమంతా చేశారు. అక్కడ సన్హేరో అంటారు. రాత్రంతా స్ప్రింక్లర్లు తిరిగి నేల చిత్తడిగా ఉంది. "ఇన్ని నీళ్ళెందుకు?" అన్నాను. ఆయన నన్ను నీళ్ళు అందని గట్టు దగ్గరికి తీసుకెళ్ళి, టీతో (బంతిని నిలబెట్టే చిన్న పుల్లతో) మట్టి గీకి చూపించారు. తెల్లగా, పెచ్చులు పెచ్చులుగా ఉంది.

"ఉప్పు. నదే మోసుకొస్తుంది. గడ్డి తాగేంత మాత్రమే పెడితే ఉప్పు పైనే నిలిచిపోతుంది. కాస్త ఎక్కువ పెట్టి కిందికి దింపాలి," అన్నారు. పొలాల్లో అయితే ఐదారు అడుగుల లోతున చిల్లుల గొట్టాలు వేశారట. దిగిన ఉప్పునీళ్ళు వాటిలోంచి మురుగు కాలువల్లోకి, అక్కడి నుంచి సాల్టన్ సీ అనే సరస్సులోకి పోతాయి. (ఆ సరస్సు వాసన, పశువుల్ని మందలుగా కట్టి మేపే ఫీడ్‌లాట్ వాసన కలిసి వచ్చే ఆగస్టు రాత్రులు మాత్రం భరించలేం.) మేం మాట్లాడుతుంటే గట్టు బొరియలోంచి ఒక చిన్న గుడ్లగూబ తల బయటపెట్టి మమ్మల్నే చూస్తోంది.

నాకు ఆట మీద ధ్యాస పోయింది. ఆ తెల్లటి మట్టి నాకు కొత్త కాదు. మేం చౌడు అంటాం. కర్నూలు జిల్లాలో తుంగభద్ర కాలువ కింద మా తాతకు రెండెకరాల నల్లరేగడి ఉండేది. కాలువ వచ్చిందని సంబరంగా వరి వేశారు. ఏటా మడి నిండా నీళ్ళు పెట్టారు, ఆ నీళ్ళు బయటికి పోయే దారి మాత్రం లేదు. ఉప్పు నేలలోనే నిలిచిపోయి పదిహేనేళ్ళకు పైరు మొలవడం మానేసింది. నేల శాపమని తాత చనిపోయేదాకా అనుకున్నారు.

కాబట్టి ఎడారిలో నీళ్ళ గురించి అడిగేవాళ్ళు ఎన్ని పెడుతున్నారని కాదు, పెట్టినవి ఎటు పోతున్నాయని అడగాలి. మన ఆయకట్టుల్లోనూ అంతే. మా తాత పొలంలో ఇప్పుడు సర్కారు తుమ్మ తప్ప ఏమీ లేదు.