429 కోట్ల సంఖ్యతో కుస్తీ పడుతున్న మనవరాలికి

అమ్మాయీ, ఆశీస్సులు.

4,29,49,67,297 ప్రధాన సంఖ్యో కాదో తేల్చాలని మూడుతో మొదలుపెట్టి వరసగా భాగిస్తున్నానని రాశావు. ఆ పని ముందు ఆపు. నీ వయసులో నేనూ అదే దారిన వెళ్లాను. దాని వర్గమూలం దాదాపు 65,536. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలు 6,542. ఓపిక ఉంది కదా అని నా ధీమా. కావలసిన కారణాంకం ఆ వరసలో 116వది. అక్కడిదాకా చేరాను కూడా! తీసివేతలో ఒక అంకె తప్పు వేసి, శేషం మిగిలిందనుకుని దాటేశాను. ఆ తర్వాత మరో రెండు నోటు పుస్తకాలు నింపాను.

ఇంత పెద్ద సంఖ్య ఎదురైతే ముందు దాని పుట్టుక చూడాలి. ఇది 2³²కి ఒకటి ఎక్కువ. ఒక ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తుందనుకో. దానితో భాగించినప్పుడు 2³²కి శేషం −1 (అంటే పూర్తిగా భాగపడటానికి ఒకటి తక్కువ), 2⁶⁴కి శేషం 1. అంతకన్నా చిన్న ఘాతం ఏదీ 1 ఇవ్వదు. ఆ ప్రధాన సంఖ్యకన్నా ఒకటి తక్కువైన ఘాతానికి 2ను ఎత్తినా శేషం 1 వస్తుంది. కనుక ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే 64తో భాగపడి తీరాలి. ఇక 3, 7, 11లతో పనేముంది? పరీక్షించవలసినవి 193, 257, 449, 577, 641. ఐదో దానికే దొరికిపోతుంది. 1732లో గణితవేత్త ఆయిలర్ బయటపెట్టింది ఈ 641నే. 2ను 1, 2, 4, 8, 16 ఘాతాలకు ఎత్తి ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65,537 ప్రధాన సంఖ్యలు కావడంతో ఆ వరసలో తర్వాతిదైన ఇదీ అంతేనని అంతకుముందటి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. అంతటివాడే పొరబడ్డాడు, నా నోటు పుస్తకాలదేముంది!

641 సంగతి భాగహారం లేకుండానే తేల్చవచ్చు. అది 5×2⁷+1, అదే 5⁴+2⁴ కూడా. మొదటి రూపం ప్రకారం 5×2⁷కి శేషం −1, కాబట్టి 5⁴×2²⁸కి శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴ స్థానంలో −2⁴ రాయవచ్చు. అప్పుడు −2³²కి శేషం 1. అంటే 2³²+1కి శేషం సున్నా. దీన్ని ఒకసారి కాగితం మీద నెమ్మదిగా రాసి చూడు.

ఒక ఉచ్చు గురించి చెప్పాలి. 2ను ఆధారంగా తీసుకుని చేసే ఫెర్మా పరీక్షలో (సంఖ్యకన్నా ఒకటి తక్కువైన ఘాతానికి 2ను ఎత్తి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూడటం) ఇది నెగ్గుతుంది. ఇక్కడ ఆ ఘాతం 2³², అది 64కి గుణిజం; 2⁶⁴కి శేషం 1 అయినప్పుడు నెగ్గక ఏం చేస్తుంది? ఆ ఫలితం చూసి ప్రధాన సంఖ్య అని రాసేయకు. కంప్యూటర్లో వేస్తే ఇంకో చిక్కు: 32 బిట్ల గడిలో ఇది పట్టదు, పై బిట్టు రాలిపోయి 1 మిగులుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వేరే ఉంది. ఈ సంఖ్య 65,536² + 1². అదే 62,264² + 20,449² కూడా. ప్రధాన సంఖ్య ఏదీ రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా విడిపోదు. 641 తెలియకపోయినా ఈ ఒక్క సాక్ష్యం చాలు. పైగా 20,449 అంటే 143 వర్గమే.

మిగిలిన కారణాంకం 67,00,417. అది ప్రధానమేనని నువ్వే నిరూపించు. ఒకటి తీసేశాక భాగపడాలన్న షరతులో 64 బదులు 128 పెట్టవచ్చని గణితవేత్త లుకాస్ 1878లో చూపాడు. 67,00,417 వర్గమూలం 2,589 లోపే. 257 కూడా ఫెర్మా వరసలోదే, ఆ వరసలో ఏ రెండు సంఖ్యలకీ ఉమ్మడి కారణాంకం ఉండదు కనుక దాన్ని వదిలెయ్. ఇక 641, 769, 1,153, 1,409 మిగిలాయి. నాలుగే భాగహారాలు. చేత్తోనే చెయ్యి, తీసివేతలు రెండుసార్లు సరిచూసుకో.

నీ తాతయ్య