నా ముందుపంటి గీత, ఇనాంగావ్ పిల్లల పాలపళ్లు

మూడు వేల ఏళ్ల నాటి ఎముకలు చూసి ఆ మనిషి ఆరోగ్యం, చేసిన పని చెప్పేస్తున్నారు, నమ్మొచ్చా అని అడిగారు. ఆరోగ్యం సంగతి చాలావరకు నమ్మొచ్చు. పని దగ్గరే కాస్త ఆగాలి.

నేను సిరోంచలో ఎక్స్‌రేలు తీస్తుంటాను. తునికాకు సీజన్ అయ్యాక మోకాళ్లు పట్టేశాయని వచ్చేవాళ్లు ఎక్కువ. గంటల కొద్దీ గొంతుక్కూర్చుని ఆకు కట్టలు కట్టాలి మరి. ఏళ్లతరబడి అలా కూర్చుంటే కాలి పెద్ద ఎముక చీలమండను తాకే అంచున చిన్న నొక్కు పడుతుంది. పాత అస్థిపంజరాల్లోనూ ఆ నొక్కు కోసం వెతుకుతారు. సిరియాలోని అబూ హురైరా అనే పాతకాలపు ఊళ్లో దొరికిన ఆడవాళ్ల ఎముకల్లో బొటనవేళ్లు, మోకాళ్లు, నడుము దెబ్బతిని ఉన్నాయి. మోకాళ్ల మీద వంగి రాతిపై ధాన్యం నూరడం వల్లేనని అన్నారు. మధ్య యూరప్‌లో తొలి రైతు మహిళల చేతి ఎముకలు ఇప్పటి పడవ పోటీల అమ్మాయిల కన్నా గట్టివని 2017లో తేలింది. అమ్మకు చెబితే, “తిరగలి తిప్పినోళ్లకు అదేం వింతరా” అంది.

కానీ అరుగుదల వయసుతోనూ వస్తుంది. ఫిల్మ్ చూసి ఈమె ఆకు కట్టింది, ఈమె నాట్లు వేసింది అని నేను చెప్పలేను. అడిగితేనే తెలుస్తుంది.

పళ్ల మాట వేరు. ఎముక జీవితాంతం కరిగి మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. పంటి పైన పింగాణీ పొర మాత్రం ఒకసారి ఏర్పడితే అంతే, అది ఏర్పడే రోజుల్లో పెద్ద జబ్బు చేస్తే ఆ గుర్తు అలాగే ఉండిపోతుంది. నా పై ముందుపళ్ల మీద అడ్డంగా సన్నటి గాడి ఉంది, గోరు పెడితే తగులుతుంది. మూడో ఏట తట్టు పోసి నెల రోజులు అన్నం ముట్టలేదట. పింగాణీ పొరలో ఇలాంటి లోపాలే పుణె జిల్లా ఇనాంగావ్‌లో పిల్లల పాలపళ్ల మీద కనిపించాయి. డెక్కన్ కాలేజీ పురావస్తు శాస్త్రవేత్తలు 1968 నుంచి తవ్విన, సుమారు మూడు వేల ఏళ్ల నాటి ఊరు అది. చనిపోయిన పసివాళ్లను రెండు కుండల మూతులు కలిపి ఇంటి నేల కిందే పూడ్చేవారు. పాలపళ్లు కాబట్టి ఆ కష్టం కడుపులో ఉండగానో, పుట్టిన కొద్ది నెలలకో పడిందన్నమాట.

ఒక్క చిక్కుంది. గీత పడిందంటే ఆ జబ్బు నుంచి బతికి బయటపడినట్టే. నాతోపాటే తట్టు పోసిన పక్కింటి పిల్ల వారానికే పోయింది. ఆ పిల్ల పళ్ల మీద ఏ గీతా ఉండదు.